కళ్యాణి ఇంట్లో అద్దెకు

బ్రూక్‌ఫీల్డ్

పూజ్యులైన ఛాయాదేవి అత్తయ్యకు,

మీ మేనల్లుడు కిరణ్ భార్య నవ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మా సహనకు తమ్ముడో చెల్లెలో రాబోతున్న సంగతి కిరణ్ కాగితం మీద రాసి చూపిస్తే, మీరు ఆ కాగితాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టారట. మీకు వినికిడి పోయాక ఫోన్ పనికిరాకుండా పోయింది. వీడియోలో మాట్లాడితే "చేపల్లా నోళ్లు తెరుస్తా ఉండారు" అన్నారు. మెసేజ్ పెడితే కళ్లజోడు దొరికేలోపు తెర ఆరిపోతుందన్నారు. అందుకే ఉత్తరం. దగ్గర్లో పోస్టు డబ్బా ఎక్కడుందని మా సెక్యూరిటీ అబ్బాయిని అడిగితే "ఏ యాప్‌లో మేడమ్?" అన్నాడు.

విషయమేమిటంటే, మేం ఇల్లు మారాలి. ఇక్కడ ఓనరు అద్దె పెంచుతానంటున్నాడు. ఒక్క పడకగదిలో నలుగురం ఇమడం. నెల నుంచీ ప్రతి ఆదివారం వెతుకుతూనే ఉన్నాం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా స్తోమతకు దొరికిన ఇంట్లో, ఒకరు ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంకొకరు బాల్కనీలోకి వెళ్లి నిలబడాలి. సర్జాపూర్ వైపు ఇల్లు బాగుంది, నీళ్లు లేవు. ఇంకోచోట నీళ్లున్నాయి, రోడ్డు లేదు. "రోడ్డుదేముంది సార్, వస్తుంది" అన్నాడు బ్రోకరు, రోడ్డు ఊరెళ్లిన చుట్టమైనట్టు.

చివరికి ఒకటి దొరికింది. వైట్‌ఫీల్డ్ దాటాక, మాలూరు రైలు దారిలో, గంధర్వ గార్డెన్స్ అని కొత్త లేఅవుట్. రెండు పడకగదులు, చిన్న పెరడు, జామచెట్టు. అద్దె ఇప్పుడు కట్టేదాంట్లో సగం. కిరణ్ పొద్దున రైలెక్కి ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. నాకెలాగూ ఇంటి నుంచే పని.

మధ్యాహ్నం వెళ్లి చూశాం. అన్ని ఇళ్లూ ఒకేలా ఉన్నాయి. ప్రతి ఇంటికీ కర్టెన్లు, తీగల మీద బట్టలు, గుమ్మాల ముందు చెప్పులు. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. "అందరూ పొద్దున రైలుకు పోతారప్పా, సాయంత్రం రైలుకు వస్తారు" అన్నాడు ఇంటాయన ఆవులప్ప. ఆ లేఅవుట్ అంతా ఒకప్పుడు ఆయన వాళ్ల పొలాలేనట. ఒక్కటే వింతగా అనిపించింది. తన సొంత ఖాళీ ఇంటి తాళం తీసే ముందు, ఆయన తలుపు తట్టాడు. ఎందుకండీ అని కిరణ్ అడిగితే "చెప్పకుండా పోతే బాగుండదు గదా" అన్నాడు.

మీ మాట లేకుండా అడ్వాన్స్ ఇవ్వనంటున్నాడు మీ మేనల్లుడు. చదువుకునే రోజుల్లో అన్నం పెట్టి పెంచిన అత్త సరే అంటేనే కదులుతాడట. సరే అనండి.

మీ కోడలు,
నవ్య

తా.క. వీధిలో మనుషులు లేరని రాశానని భయపడకండి. బ్రూక్‌ఫీల్డ్‌లో మా అంతస్తులోనూ మనుషులున్నట్టు చెప్పుల వల్లే తెలుస్తుంది.


నగర్తపేట

చిరంజీవి నవ్యమ్మకు,

అత్త ఛాయాదేవి దీవించి రాసేది. జాబు అందింది. నీ చేతిరాత బాగుండాది, చదివేదానికి భూతద్దం తీసుకునే పని పడలేదు.

గంధర్వ గార్డెన్స్ అని ఎవరు పెట్టిరమ్మా ఆ పేరు? గంధర్వులంటే మనుషులు గాదు. గంధర్వనగరం అంటే ఏమో తెల్సునా? ఎండలో దూరంగా మేడలు కనపడతాయి, దగ్గరికి పోతే ఏమీ ఉండదు. హిందూపురంలో మాకు చదువు చెప్పిన అయ్యవారు చెప్పినాడు. ఆ పేరు పెట్టినోడు నిజమే చెప్పినాడు, మీకే అర్థం కాలేదు.

నా మిద్దె పైన రెండు రూములు సుమ్నే ఖాళీగా పడి ఉండాయి. బాడుగ లేదు, అడ్వాన్సు లేదు. చిక్కపేట మెట్రోకి నడిచి పోవచ్చు. మీరు రారు, నాకు తెల్సు. పేటలో గలాటా, కారు పెట్టే జాగా లేదు, బిడ్డ ఆడుకునేదానికి చెట్టు లేదు అంటారు. గలాటా నాకు వినపడదు గాబట్టి నాకు పేట నిండా ప్రశాంతంగా ఉండాది. మీ మామ పోయినాక ఇంకా ప్రశాంతంగా ఉండాది. అంత ప్రశాంతం కూడా మంచిది గాదులే.

సరే, నా ఏడుపు నాది. మీరు పోండి. కిరణ్‌కి చెప్పు, అత్త సరే అనిందని. గానీ ఒక మాట. ఇంతకు ముందు ఆ ఇంట్లో ఎవరుండిరి, ఎందుకు పోయిరి, అది అడుగు. పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు విచారించమా? ఇంట్లోకి పోయేటప్పుడు కూడా అంతే.

నీ అత్త,
ఛాయాదేవి

తా.క. కింద గుండీల అంగడి పెట్టుకున్న పునీత్ అంటాడు, ఆ పక్కకు మెట్రో వస్తుందంట, తొందరగా పొమ్మని. ఆయప్ప పోయిన దసరా నుంచీ అంగడికి రంగు వేయిస్తానంటా ఉండాడు. ఆయప్ప తొందర అట్లాంటిది.


గంధర్వ గార్డెన్స్

అత్తయ్యకు, కొత్త ఇంటి నుంచి నవ్య నమస్కారాలు.

వచ్చేశాం. సర్దుకున్నాం. మీరు చెప్పినట్టు పాత అద్దెవాళ్ల గురించి అడగడం మర్చిపోయాను. సామాను దిగాక అడగడానికి మొహం చెల్లలేదు.

ఇల్లు చల్లగా, హాయిగా ఉంది. పగలు మాత్రం ఎంత నిశ్శబ్దమంటే, ఆఫీసు కాల్‌లో మాట్లాడుతుంటే నా గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టుంటుంది. సహన జామచెట్టు కింద ఆడుకుంటుంది. ఒక్కతే ఆడుకుంటుంది కానీ, ఆటలో వంతులు వేసుకుంటుంది.

ఇక్కడ ఒక తమాషా. వచ్చిన రోజే పక్కింటి ఇస్సాకు గారు కేకు ముక్కలు తెచ్చిచ్చారు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, లేఅవుట్ అసోసియేషన్‌కు సెక్రటరీ.

"ఏం కళ్యాణమ్మా, సర్దుకున్నావా?" అన్నారు.

"నా పేరు నవ్యండీ."

"అట్లనే కళ్యాణమ్మా" అని వెళ్లిపోయారు.

ఆయన వయసు పెద్దది, పోనీలే అనుకున్నాను. సరుకుల కొట్టులో పద్దు కళ్యాణి పేరు మీద రాశారు. అసోసియేషన్ గ్రూపులో నా నంబరు "కళ్యాణి, చివరి ఇల్లు" అని చేర్చారు. నా పేరు నవ్య అని గ్రూపులో పెడితే, పదిమంది బొటనవేలు గుర్తు పెట్టి "వెల్కమ్ కళ్యాణి" అన్నారు. కిరణ్‌కైతే అసలు పేరే లేదు. "కళ్యాణి వాళ్లాయన." అతనికేం బాధ లేదు. ఆఫీసులో అతన్ని నంబరుతో పిలుస్తారట.

సౌకర్యాలకు వంక పెట్టడానికి లేదు. పొద్దున లేచేసరికి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి ఉంటుంది. ఎవరు వేస్తారో చూడలేదు. మెయింటెనెన్స్‌లో కలిపే ఇస్తున్నట్టున్నారు అంటాడు కిరణ్. మిగతా గుమ్మాల ముందు ముగ్గు కనిపించలేదు కానీ, చివరి ఇల్లు కదా, అక్కడి నుంచి మొదలుపెడతారేమో.

సహన కూడా వీధివాళ్లను చూసి నేర్చుకుంది. "కళ్యాణి పాట పాడింది", "కళ్యాణి జడలేసింది" అంటుంది. అమ్మను పేరు పెట్టి పిలవకూడదని కోప్పడ్డాను. నిజానికి జడలు నేను వేయలేదు. ఆ రోజంతా కాల్స్‌లో ఉన్నాను. కిరణే వేసి ఉంటాడు. పాపిడి గీతలా ఉంది, రెండు జడలూ సమానంగా ఉన్నాయి. అడిగితే "నాకు జడలు రావని నీకు తెలుసుగా" అని నవ్వాడు. చాటుగా నేర్చుకుంటున్నాడేమో, మంచిదే.

మీరొకసారి వచ్చి చూడండి.

మీ నవ్య

తా.క. నిన్న ఇస్సాకు గారు గోడ మీదుగా "కళ్యాణమ్మా, నీ రసం వాసన మా వరండా దాకా వచ్చింది" అని మెచ్చుకున్నారు. నిన్న మేం పెరుగన్నం తిన్నాం. అయినా మెచ్చుకున్నప్పుడు కాదనడం ఎందుకని థాంక్స్ చెప్పాను.


నగర్తపేట

నవ్యమ్మా,

దీవెనలు తర్వాత రాస్తా. ముందు నువ్వు గట్టిగా కూచో.

ఆ కళ్యాణి ఎవరు?

నీ జాబు రెండు తూర్లు చదివినా. భూతద్దం పెట్టి మూడో తూరి చదివినా. నువ్వు కడుపుతో ఉండేటప్పుడు నీ ఇంట్లో ఇంకొక ఆడమనిషి ముగ్గేస్తా ఉండాది, నీ బిడ్డకు జడలేస్తా ఉండాది, పాట పాడతా ఉండాది, పక్కింటి దాకా వాసన పోయేట్టు రసం కాస్తా ఉండాది, ఊరంతా కిరణ్‌ని "కళ్యాణి వాళ్లాయన" అంటా ఉండాది, నువ్వేమో "తమాషా" అని రాస్తావు! మీ ఆంధ్రావాళ్లకు ఇంత సహనం ఉంటుందని నాకు తెలీదు. బిడ్డకు ఆ పేరు ఊరికే పెట్టలేదు మీరు.

నా అన్న కొడుకు ఇట్లాంటి పని చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. అర్ధరూపాయి బిస్కెట్ కూడా నన్ను అడిగి తినే పిల్లోడు. దానికేనా ఆ ఊరికి సగం బాడుగకు పోయింది?

నువ్వు ఏడవద్దు. వానికి నేను వేరే జాబు రాసినా. ఇంటికి రాస్తే ఆయమ్మ చేతికి చిక్కుతుందని వాళ్ల ఆఫీసుకు రాసినా. పైన "కళ్యాణి మొగుడికి" అని ఎర్ర ఇంకుతో రాసినా, సిగ్గు రానీ అని.

నీ పక్కనే ఉండే,
ఛాయాదేవి అత్త

తా.క. పునీత్‌కి చెప్పుకుని ఏడిస్తే, "జీతం లేకుండా ముగ్గేసి, జడేసి, వంట చేసే మనిషి దొరికితే మాకూ ఒకర్ని చూడండమ్మా" అని కాగితం మీద రాసిచ్చినాడు. ఆయప్పకు ఈ నెల కాఫీ బంద్.


గంధర్వ గార్డెన్స్

అత్తయ్యకు,

అయ్యో, అత్తయ్యా! కళ్యాణి ఎవరూ కాదు. నేనే.

మీ ఎర్ర ఇంకు ఉత్తరం ఆఫీసు రిసెప్షన్‌లో "కళ్యాణి మొగుడెవరు" అని అంతస్తంతా తిరిగిందట. చివరికి తెలుగు చదవడం వచ్చిన అచ్యుత్ అనే అతను, ఏదో అత్యవసరమేమోనని విప్పి, సగం దాకా పైకి చదివాడట. "నీ తాత ఉండుంటే నీకు నీళ్లు వదిలేవాడు" అన్నచోట ఆపాడట. కిరణ్ రెండు రోజులుగా మెట్ల దారిన వెళ్తున్నాడు, లిఫ్టులో అందరూ చూస్తున్నారని.

మీ అనుమానం తీర్చడానికి నేనే వెళ్లి విచారించాను. ముందు ఆవులప్ప గారి దగ్గరికి.

"మీ అమ్మాయి పేరు కళ్యాణినా? అందుకే నన్నలా పిలుస్తున్నారా?" అన్నాను.

"నాకు కూతుర్లు లేరమ్మా. ఇద్దరూ మగపిల్లలే. కళ్యాణి అంటే ఆ ఇంట్లో ఉండే ఆయమ్మ గదా."

"ఆ ఇంట్లో ఉండేది నేను కదండీ."

"నువ్వు బాడుగకు ఉండావమ్మా" అన్నాడు. అని ఆవుకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు.

తర్వాత పాత అద్దెమనిషి నంబరు సంపాదించి కలిశాను. ఫర్హానా అని, ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్‌లో ఉంటోంది. నా మాట వినగానే టీ ఒలికేంత నవ్వింది. ఆమెనూ కళ్యాణే అన్నారట. పండగ రోజున వీధంతా వచ్చి "కళ్యాణీ, ఈద్ ముబారక్" అని బిర్యానీ తినిపోయారట. ఆమెకంటే ముందు సుమ అనే అమ్మాయి ఉండేదట, ఆమెదీ ఇదే కథ. మొట్టమొదట అద్దెకు వచ్చినావిడ పేరు కళ్యాణి. పదకొండు నెలలకోసారి అద్దెవాళ్లు మారిపోతుంటే ఎన్ని పేర్లని గుర్తుపెట్టుకుంటారు? ఇంటికి ఒక పేరు ఖాయం చేసేశారు. ఇంతే సంగతి. నాకు గుండె తేలికైంది.

లేస్తూ, మీరెందుకు ఖాళీ చేశారని అడిగాను. ఫర్హానా నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మ ఫోన్ చేసి ఫర్హానా అని పిలిచింది. రాంగ్ నంబర్ అని పెట్టేశాను" అంది. "ఆ రోజే సామాను సర్దుకున్నాను."

అత్తయ్యా, ఇది కిరణ్‌కు సరిగ్గా చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. మొన్న స్కానింగ్‌కు వెళ్లాం. నర్సు బయటికి వచ్చి "నవ్య" అని పిలిచింది. నేను పత్రిక తిరగేస్తూ కూర్చున్నాను. మళ్లీ పిలిచింది. ఈ నవ్య ఎవరో, పాపం, వంతు పోగొట్టుకుంటోంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కాసేపటికి "కళ్యాణి" అని పిలిస్తే చటుక్కున లేచి వెళ్లాను. లోపల నా పక్కనే ఇంకో గర్భిణి నిలబడి నన్ను వింతగా చూస్తోంది. నర్సు పిలిచిన కళ్యాణి ఆమె.

అక్కడ నవ్వేశాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చాను. కిరణ్ నా చెయ్యి పట్టుకుని "అలసట, అంతే" అన్నాడు. అంతే అయి ఉండాలి. ఎందుకంటే ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తే మాకు వెళ్లడానికి చోటు లేదు. నెలంతా వెతికితే దొరికిందిది. ఇంకో ఇల్లు వెతుకుతూ ఎండలో తిరిగే ఓపిక నాకిప్పుడు లేదు.

ఒక్క సహాయం చేయండి. ఈసారి రాసే ఉత్తరంలో నా పేరు నాలుగైదుసార్లు ఎక్కువ రాయండి.

మీ కళ్యా

కొట్టేశాను, చూడండి. చేతికే అలవాటైపోయింది.

మీ నవ్య

తా.క. సహనకు స్నానం చేయిస్తూ "అమ్మ పేరేంటి?" అని అడిగాను. నవ్య అంది. "మరి కళ్యాణి ఎవరు?" అంటే నా భుజం మీదుగా వెనక్కి చూపించింది. వెనక అద్దం ఉంది కాబట్టి సరిపోయింది.


నగర్తపేట

నవ్యమ్మకు, నవ్యకు, నా కోడలు నవ్యకు, కిరణ్ పెండ్లాం నవ్యకు, సహన తల్లి నవ్యకు,

అత్త దీవించి రాసేది. చాలునా, ఇంకా రాయల్నా? నవ్య. నవ్య. నవ్య. ఈ జాబు తలగడ కింద పెట్టుకో.

నేను వస్తా ఉండా. ఆదివారం పునీత్ గుండీల టెంపోలో వస్తా. నువ్వు రాసింది చదివినాక నాకు అర్థమైంది. ఇది మొగుడు చేసిన తప్పు గాదు, ఇంట్లో ఉండేదాని తప్పు. అది ఎవరైనా సరే, నేను మాట్లాడుకుంటా. మా అత్త నాతో ముప్పై ఏండ్లు జగడం చేసింది. ఆయమ్మ ముందర నిలబడినదాన్ని, ఇదొక లెక్కనా?

కిరణ్‌కి చెప్పు, అత్త పొరపాటు పడిందని. నేనే చెప్తే బాగుండదు, పెద్దదాన్ని.

నేను వచ్చేదాకా ఎవరైనా కళ్యాణీ అంటే పలకొద్దు. రసం గానీ కనపడితే తాగొద్దు.

నీ అత్త,
ఛాయాదేవి

తా.క. టెంపోలో ముందు సీటు నాది. పునీత్ వాళ్లావిడ కూడా వస్తానంటా ఉండాది, ఇల్లు ఖాళీ అయితే చూసుకుందామని. సగం బాడుగ అంటే దయ్యాలకు గూడా భయపడరు ఈ ఊర్లో.


నగర్తపేట

అత్తయ్యకు, మీ మిద్దె మీది రూముల నుంచి మీ నవ్య నమస్కారాలు.

మేం చేరి వారం దాటింది. మీరు రెండు రోజుల్లో వస్తానన్నారు, రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ నాకేమీ అర్థం కావడం లేదు. టెంపో దిగగానే మీరు కొంగు బిగించి "అందరూ బయట ఉండండి" అన్నారు. మేం ఇస్సాకు గారి వరండాలో కూర్చున్నాం. లోపలి నుంచి పెద్ద గొడవ వినిపిస్తుందని పునీత్ చెవులు రిక్కించాడు. ఏమీ వినిపించలేదు. కాసేపటికి గిన్నెల చప్పుడు. తర్వాత మీ నవ్వు. మామయ్య పోయాక మీరు నవ్వగా వినలేదని కిరణ్ నిలబడిపోయాడు. ఇస్సాకు గారు తల కూడా ఎత్తకుండా "కళ్యాణమ్మకు చుట్టాలొచ్చినట్టుంది" అన్నారు.

తలుపు తీసి మీరు చెప్పిందొక్కటే. "మీరు పేటకు పోండి. అగ్రిమెంటు సంగతి తేలేదాకా రెండు దినాలు నేను ఈడ ఉంటా." ఒంటరిగా ఎలా ఉంటారని కిరణ్ కాగితం మీద రాసి చూపిస్తే, చదివి, "ఒంటరిగా ఎందుకుంటా?" అన్నారు. ఇరుగుపొరుగుల సంగతి అంటున్నారనుకున్నాను.

ఇక్కడ నేను బాగున్నాను. మెట్లు దిగితే చాలు, పూలామె "నవ్యమ్మా" అంటుంది, పాలబ్బాయి "నవ్యక్కా" అంటాడు, లేసులు అమ్మే కొట్టువాళ్లు "మేడమీది నవ్య మేడమ్" అంటారు. రోజుకు ఎన్నిసార్లు నా పేరు వింటున్నానో. మొన్న స్కానింగ్‌లో నర్సు పిలవకముందే లేచి నిలబడ్డాను. కిరణ్ నడిచి వెళ్లి మెట్రో ఎక్కుతున్నాడు. అద్దె లేకపోవడం వల్ల రాత్రిళ్లు నిద్ర పడుతోంది, గోల వల్ల పట్టడం లేదు. రెండూ కలిసి సరిపోతోంది.

కానీ సహన. నిన్న మొహం ముడుచుకుని కూర్చుంది. ఏమ్మా అంటే "కళ్యాణిని ఎందుకు తీసుకురాలేదు?" అంది.

"నేనే కదమ్మా కళ్యాణి."

"నువ్వు నవ్యవి" అంది, నాకు పిచ్చెక్కిందేమో అన్నట్టు చూస్తూ. "కళ్యాణి అక్కడే ఉంది. బామ్మ దగ్గర."

అప్పటి నుంచీ మీ పాత ఉత్తరాలు మళ్లీ తీసి చదువుతున్నాను. ముగ్గులు, జడలు, ఆ రసం, అన్నీ ఒక్కొక్కటే మళ్లీ గుర్తొస్తున్నాయి. అత్తయ్యా, ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మీకేమో ఎవరైనా వెనక నిలబడి పిలిచినా వినపడదు. వెంటనే వచ్చేయండి. కిరణ్ శనివారం టెంపో తీసుకుని వస్తాడు.

మీ నవ్య

తా.క. పునీత్ అంగడికి రంగు వేయిస్తున్నాడు. మీరు లేనప్పుడు వేయిస్తే రంగు గురించి మాట పడక్కర్లేదని. ఎంచుకున్న ఆకుపచ్చ చూస్తే మీరు వెంటనే బయల్దేరతారు.


గంధర్వ గార్డెన్స్

చిరంజీవి నవ్యమ్మకు,

అత్త ఛాయాదేవి దీవించి రాసేది. నేను బాగుండా. టెంపో పంపొద్దు, డీజిల్ దండగ.

అడిగినావు గాబట్టి చెప్తా. భయపడకుండా చదువు, బిడ్డకు మంచిది గాదు.

ఆ పొద్దు మిమ్మల్ని బయట పెట్టి, నడింట్లో నిలబడి, "ఎవరే నువ్వు, నా కోడలి పేరు మింగినదానివి" అని గట్టిగా తిట్టేదానికి నోరు తెరిచినా. వంటింట్లో నుంచి "కాఫీలో చక్కెర వేసుకుంటారా అమ్మా?" అని వినపడింది.

వినపడింది నవ్యమ్మా. ఇన్నేండ్లుగా నాకు కుక్కర్ కూత వినపడలేదు, మీ మామ ఆఖరున ఏమన్నాడో వినపడలేదు, సహన నన్ను బామ్మా అంటే పెదాలు చూసి కనుక్కున్నా. ఆ మాట మాత్రం చెవిలో చెప్పినంత బాగా వినపడింది. తిట్టు మర్చిపోయినా. "రోంత వెయ్యమ్మా" అన్నా.

కాఫీ బాగుండింది. నువ్వు ఏమీ అనుకోవద్దు, నీ దానికంటే బాగుండింది.

మాట్లాడుకున్నాం. ఆయమ్మ దుష్టురాలు గాదు. నువ్వు పొద్దంతా ఆఫీసు మాటల్లో ఉంటే బిడ్డ ఒక్కతే అల్లాడుతుందని జడలేసిందంట. నీకు కడుపు బరువని వాకిలి ఊడ్చిందంట. నీ పేరు తీసుకోవల్లని ఆయమ్మకు లేదు. వీధివాళ్లు లోపల ఉండేది ఎవరో, బయట ఉండేది ఎవరో చూడకుండా అందరికీ ఒకటే పేరు తగిలిస్తే ఆయమ్మ ఏం చేస్తుంది? ఆస్పత్రి సంగతి చెప్తే నిండా బాధపడింది. నవ్యమ్మను తప్పుగా అనుకోవద్దని చెప్పమనింది.

ఇప్పుడు పొద్దున పేపరు చదివి వినిపిస్తుంది. మధ్యాహ్నం పాటలు పాడుతుంది. సాయంత్రం రైలు వచ్చే చప్పుడు ఎట్లుంటుందో నోటితో చేసి చూపిస్తుంది, ఇద్దరం నవ్వుకుంటాం. ఆ మిద్దె మీద ఒక్కదాన్నే గోడలు చూస్తా కూచున్న ఏండ్లు తలచుకుంటే, నేను ముందే ఎందుకు రాలేదని ఉండాది.

అందుకని, నవ్యమ్మా, మీరు పేటలోనే ఉండండి. ఆ రూములు మీవి. ఆవులప్పతో మాట్లాడి అగ్రిమెంటు నా పేరు మీదికి మార్పించినా. ఆయప్ప సంతోషపడి గుమ్మడికాయ ఇచ్చి పోయినాడు. మీకు ఆఫీసుకు పోయేదానికి ఇల్లు దొరికింది, నాకు మాట్లాడేదానికి మనిషి దొరికింది. మనిషి అంటే, ఏదో ఒకటి.

కాన్పు దినాలకు నేను తప్పకుండా వస్తా. ఆయమ్మ రాదు, గేటు దాటదంట. బిడ్డకు మూడో నెల వచ్చినాక మీరే ఒక తూరి తీసుకురండి. చూడల్లని ఆశగా ఉండాది ఆయమ్మకు. ఇప్పుడే పాత చీరతో బొంత కుడుతుండాది. ఎవరి చీరనో నేను అడగలేదు.

నీ అత్త,
ఛాయాదేవి

తా.క. ఒకటి: పునీత్‌కి చెప్పు, ఆకుపచ్చ వేస్తే నేను గుర్తుపట్టలేనంత దూరంలో లేనని.

తా.క. రెండు: వీధివాళ్లు నన్నూ కళ్యాణమ్మా అనే పిలుస్తా ఉండారంట. నాకు వినపడదు గదా. లోపలి నుంచి ఆయమ్మే "ఓ" అంటుంది. ఇద్దరికీ తేలిగ్గా ఉండాది.

తా.క. మూడు: ఇది నీకు మాత్రమే. ఆయమ్మ పేరు కూడా కళ్యాణి గాదు. కళ్యాణి అంటే అందరికన్నా ముందు బాడుగకుండిన పిల్ల, ఇప్పుడు వేరే ఊర్లో సుఖంగా ఉండాదంట. ఈయమ్మ అంతకు ముందు నుంచీ, ఇక్కడ రాగి చేలు ఉన్న కాలం నుంచీ ఉండాది. ఇంతమంది వచ్చి పోయిరి, నీ పేరేమని అడిగిన మనిషి నేనొక్కదాన్నేనంట. చెప్పింది. చక్కని పేరు. ఎవరికీ రాయొద్దనింది, అందుకే రాయలేదు.